ఇప్పపువ్వు చేతులు

ప్రభు బల్ల జరిగే ఆదివారం, రొట్టె పళ్ళెం చాపల దాకా వచ్చేసరికి అందులో పొడి మాత్రమే ఎందుకు మిగులుతుందన్న అనుమానం సంపూర్ణకు ఏళ్ళ తరబడి ఉంది.

మందిరంలో ముందు భాగమంతా ప్లాస్టిక్ కుర్చీలు. వాటి వెనక చాపలు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. అయినా సారపాక కాగితం మిల్లు వెనక కాలనీ వాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారు. అడవి అంచున ఉన్న చింతలగుంపు నుంచి ఆటో ఎక్కి వచ్చే కోయ కుటుంబాల వాళ్ళు చెప్పులు విడిచి నేరుగా చాపల మీదికి వెళ్తారు. పళ్ళెం ముందు కుర్చీ నుంచి బయలుదేరుతుంది. కొందరు రెండు వేళ్ళతో తీసుకుంటారు, కొందరు మూడు వేళ్ళతో. చాపల దగ్గర పిల్లలు తడి వేలు అద్ది పొడి నాకుతారు.

ఒకసారి పాస్టరు అయ్యగారిని అడిగింది. "చిన్న ముక్కయినా ప్రభువు శరీరమేనమ్మా" అన్నాడాయన. మరి పెద్ద ముక్క తీసుకునే వాళ్ళకు పెద్ద ప్రభువా అనే మాట ఆమె నోటి దాకా వచ్చింది. అప్పటికే ఆయన స్కూటర్ స్టార్ట్ చేశాడు. రొట్టె ఇంకాస్త పెద్దది చేస్తానని సంఘ పెద్ద క్రిస్టోఫర్‌తో అంటే, పళ్ళెం అంతే కదా అన్నాడు. ఆ స్టీలు పళ్ళెం వాళ్ళ నాన్న జ్ఞాపకార్థం ఇచ్చింది. అంచు చుట్టూ పేరు చెక్కించి ఉంది. దాన్ని మార్చుదామని క్రిస్టోఫర్ ముందు అనగలిగిన మనిషి సంఘంలో లేడు.

రొట్టె చేసేది సంపూర్ణే. నెలకోసారి గోధుమలు చెరిగి, రాళ్ళు ఏరి, అహ్మద్ పాషా గిర్నీకి తీసుకెళ్తుంది. పాషా భార్య రహీమున్నీసా అంతకుముందు పట్టిన జొన్నపిండి కలవకుండా తన గోధుమలు ఒక గుప్పెడు వేసి తిప్పి, ఆ పిండి పక్కకు తీసి, అప్పుడు సంపూర్ణ గోధుమలు పోస్తుంది. "దేవుని పిండి అక్కా, సాఫ్‌గ ఉండాలె" అంటుంది. శనివారం పస్తుండి, తలస్నానం చేసి, ఉప్పు వేయకుండా, నాననివ్వకుండా సంపూర్ణ పిండి కలుపుతుంది. చపాతీకి రెండింతల మందంగా ఒత్తి, చాకు వెనక వైపుతో గీతలు పెట్టి, సన్నసెగ మీద కాలుస్తుంది. గీతలు సరిగ్గా పడకపోతే అయ్యగారు విరిచేటప్పుడు అడ్డదిడ్డంగా చీలుతుంది.

ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం ఇంకా రెండు రోజులుందనగా, బాత్రూం కడుగుతూ కాలుజారి కుడి చేతి మీద పడింది. ఎముక విరగలేదని డాక్టర్ పట్టీ చుట్టాడు. చెయ్యి కదపొద్దన్నాడు. సంపూర్ణ క్రిస్టోఫర్ భార్య యశోదకు ఫోన్ చేసింది.

"నాకు బీపీ వదినా. పిండి పిసుకుడు నాతోని గాదు" అంది యశోద. "బేకరీల బ్రెడ్ తెప్పిస్త తియ్."

"బ్రెడ్డు పులిసింది గదా వదినా. బల్లకు పనికిరాదు."

"ఎవరు జూడొచ్చిన్రు. అంచులు కోసి తెల్లగుడ్డ కప్పుతె అయిపాయె."

సంపూర్ణ ఫోన్ పెట్టేసి చాలాసేపు గోధుమపిండి డబ్బా వైపు చూస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున చింతలగుంపు కొండమ్మ చీపుర్ల కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. వారానికోసారి కాలనీలో చీపుర్లు, విస్తరాకులు అమ్ముకుని పోతుంది. కట్ట దించి, పట్టీ చూసి, అక్కడే కూలబడింది.

"చెయ్యి ఏంది అక్కా గట్లున్నది?"

"జారి పడ్డ. చేతి బాధ గాదు, రేపటి రొట్టె బాధ."

"నువ్వు జెప్పు, నేను కల్పుతా."

"పస్తుండాలె."

"పొద్దుగాల్నే ఇప్పపువ్వు ఏరబోయిన. నోట్ల మంచినీళ్ళు గూడ వోసుకోలె. ఇంకేం పస్తు?"

కొండమ్మ బావి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసి కడిగింది. మళ్ళీ కడిగింది. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నవ్వింది. "ఈ నెలంత ఇప్పపువ్వు వాసన పోదక్కా. పిల్లకు తల దువ్వినా గదే, కూడు తిన్నా గదే." సంపూర్ణ ఆ చేతులను ముక్కు దగ్గరికి తీసుకుని చూసింది. బెల్లం పాకం మరుగుతున్నప్పుడు వచ్చేలాంటి తియ్యటి వాసన. "మంచిగనే ఉన్నది" అంది.

పిండి కలిపే ముందు ప్రార్థన చెయ్యాలి. కొండమ్మ తల మీద కొంగు కప్పుకుని ఆగింది. "నాకు మీ లెక్క రాదు. మా మాటల జేస్తా."

"నీకు వచ్చిన మాటలే జెయ్యి."

కొండమ్మ కోయ భాషలో మెల్లగా మాట్లాడింది. ఎవరో ఎదురుగా కూర్చున్నట్టు, మధ్యలో ఆగి జవాబు విన్నట్టు. సంపూర్ణకు అందులో యేసయ్య పేరు, తన పేరు మాత్రమే తెలిశాయి. తర్వాత కొండమ్మ పిండిని అరచేతి మొదలుతో తోస్తూ, మడుస్తూ, మళ్ళీ తోస్తూ కలిపింది. గీతలు పెట్టేటప్పుడు మాత్రం ప్రతి గీతకూ ఆగి సంపూర్ణ వైపు చూసింది. కాల్చిన రొట్టె మీద ఒక్క నల్లమచ్చ లేదు. చీపుర్ల కట్ట ఎత్తుకుని పోతూ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి వంటింటి వైపు చూసింది.

ఆదివారం పిల్లలు ఈతమట్టలు ఊపుతూ పాటలు పాడుకుంటూ కాలనీ చుట్టి వచ్చారు. బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తుంటే యశోద పక్కకు వచ్చింది.

"చేతికి పట్టీ ఉండంగ ఎట్ల జేసినవ్ వదినా?"

"నేను గాదు. కొండమ్మ జేసింది" అంది సంపూర్ణ సంతోషంగా. "ఎంత మంచిగ కాల్చిందో జూడు."

యశోద గుడ్డ కొస పైకెత్తి చూసింది. వెళ్ళి మొదటి కుర్చీలో ఉన్న భర్త చెవిలో ఏదో చెప్పింది. తర్వాత వెనక వరసలోకి వంగి ఇంకో ఆవిడతో చెప్పింది.

అయ్యగారు రొట్టె ఎత్తి, ప్రార్థించి, విరిచాడు. గీతల వెంట తేలిగ్గా విడిపోయింది. పళ్ళెం క్రిస్టోఫర్ దగ్గరికి వచ్చింది. ఆయన అంచును కళ్ళకు అద్దుకుని పక్కాయనకు ఇచ్చాడు. ముక్క తీసుకోలేదు. పక్కాయన కూడా తీసుకోలేదు. తర్వాత ఒకాయన ముక్కను వేలితో తాకి, ఖాళీ వేళ్ళు నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. లేని ముక్కను అంత భక్తిగా నములుతుంటే సంపూర్ణకు తీసుకోని వాళ్ళ కంటే ఆ నమిలినాయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. మగవాళ్ళ వైపు మధ్య వరసలో ఆమె భర్త సవరయ్య అలవాటుగా ముక్క తీసుకుని తిన్నాడు. ఏం జరుగుతోందో అతను గమనించనేలేదు. ఆడవాళ్ళ వైపు యశోద పళ్ళేన్ని వేడి గిన్నెలా గబగబా దాటించింది. తన వంతు రాగానే సంపూర్ణ ముక్క తీసుకుంది.

పళ్ళెం నిండుగా చాపల మీదికి వెళ్ళింది. అక్కడ ఒక ముసలాయన వేళ్ళ మధ్య ముక్కను పట్టుకుని, పొరపాటున తనకు ఇచ్చారేమో, వెనక్కి అడుగుతారేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఆ తర్వాత తిన్నాడు. అందరికీ అందింది. ఇంకా మిగిలింది.

కూడిక అయ్యాక చేతిపంపు దగ్గర కొండమ్మ ముఖం వెలిగిపోతోంది. "ఇయ్యాల అందరికి సాలిందక్కా. నా చేతి బరకతు."

అటుగా పోతున్న యశోద పక్కావిడతో నవ్వుతూ అంది. "సాలక ఏమైతది. కుర్చీలోళ్ళు ఎవరన్న తింటె గదా. సారా వాసన రొట్టె ఎట్ల తింటం."

కొండమ్మ విన్నది. ముందు అర్థం కానట్టు సంపూర్ణ వైపు చూసింది. తర్వాత కుడి చెయ్యి నెమ్మదిగా ముక్కు దగ్గరికి తీసుకుని, దించి, కొంగులో దాచుకుంది. పిల్లను పిలిచి ఆటో దగ్గరికి వెళ్ళిపోయింది. సంపూర్ణ వెనకే వెళ్ళి, ఆటో కదిలేదాకా దాని కమ్మీ పట్టుకుని నిలబడింది.

సోమవారం సాయంత్రం అయ్యగారు, క్రిస్టోఫర్ ఇంటికి వచ్చారు. సవరయ్య అప్పుడే మిల్లు యార్డులో లారీల నుంచి కర్ర దించి వచ్చి, ఒంటి మీది బెరడు పొట్టు దులుపుకుంటున్నాడు. ఆ యార్డులో కాంట్రాక్టర్ తరఫున సూపర్‌వైజర్ క్రిస్టోఫరే. సవరయ్య తువ్వాలుతో కుర్చీలు తుడిచి, తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నీ మీద మాకు కోపం లేదు సంపూర్ణక్కా" అన్నాడు క్రిస్టోఫర్. "నీ చెయ్యి బాగలేకపాయె. కానీ ఇప్పపువ్వు ఏందో నీకు తెల్సు. పులవెడ్తరు, సారా కాస్తరు. పులిసినది బల్ల మీదికి రావొద్దని వాక్యం ఉన్నది."

"పువ్వు చెట్టు నుంచి రాలుతది అన్నా. ఏరినంత మాత్రాన పులుస్తదా?"

"ఆ చేతులు..."

"ఆ చేతులు నా ముంగట కడిగింది. మీ యశోద బేకరీ బ్రెడ్డు తెప్పిస్తనన్నది. అది ఏం పోస్తె పొంగుతదో తెల్సా మీకు?"

క్రిస్టోఫర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అది వేరు."

"అవ్. అది వేరు."

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. మంచివాడే. ఎవరినీ నొప్పించడు. అందుకే ఎప్పుడూ చివర మాట్లాడిన వాళ్ళ మాటే ఆయన మాట అవుతుంది. "చూడమ్మా, సంఘంలో చీలిక రాకూడదు. గురువారం, ప్రభువు రాత్రి భోజనపు ఆరాధన ఉంది కదా. నువ్వు లేచి, పొరపాటయింది, క్షమించండి అని ఒక్క మాట చెప్పు. ఈసారికి ఖమ్మం నుంచి రొట్టె బిళ్ళలు తెప్పిస్తున్నాం. ఎవరి చేతి గొడవా ఉండదు."

"కొండమ్మోళ్ళకు ఎవరు చెప్తరు క్షమించమని?"

క్రిస్టోఫర్ లేచి, సవరయ్య వైపు తిరిగి, మామూలుగానే అన్నాడు. "వచ్చే వారం పేర్లు రాయాలె సవరయ్యా. ఈసారి లోడు తక్కువున్నది. మనుషులను తగ్గించమంటున్నరు."

వాళ్ళు వెళ్ళాక సవరయ్య తలుపు వేశాడు.

"ఒక్క మాటనే గదా" అన్నాడు.

"ఏ మాట? ఆమె చేతులు మంచియి గావు అనే మాటనా?"

"నేను అట్లన్ననా?"

"నేను పొరపాటంటే గదే అయితది. నీ డ్యూటీ కోసం ఆమె చేతులు అమ్మాల్నా?"

సవరయ్య అన్నం పెట్టించుకోకుండా పడుకున్నాడు. సంపూర్ణ మోకరించింది గానీ ప్రార్థన రాలేదు. 'తండ్రీ, నాకు కోపమొస్తున్నది' అన్నది తప్ప ఇంకేమీ రాలేదు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పి లేచింది.

బుధవారం సంపూర్ణ ఆటోలో చింతలగుంపు వెళ్ళింది. ఊరంతా వాకిళ్ళలో ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. పచ్చిగా ఉన్నది లేతపసుపు, ఎండింది ఇటుక రంగు. కొండమ్మ వాకిట్లో గొంతుకూర్చుని చీపురు పుల్లతో పువ్వులోంచి ఆకులు, పుడకలు ఏరుతోంది. సంపూర్ణను చూసి మంచం వాల్చింది.

"రేపు రావాలె కొండమ్మా. అందరు రావాలె. నువ్వు నా పక్కన కుర్చీల కూసోవాలె."

"నీ పక్కన కూసుంటె నువ్వు గూడ వాసనొస్తవ్ అక్కా" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "రాము. అలిగి గాదు. మా పిల్ల అడుగుతున్నది, పెద్ద ముక్కలు మళ్ళ ఎప్పుడు పెడ్తరమ్మా అని. ఏం చెప్పాలె దానికి? వాళ్ళు మనలను జూసి వదిలేసినయి తిన్నవు బిడ్డా అని చెప్పాల్నా?"

సంపూర్ణ తల దించుకుంది.

"దేవుణ్ణి వదిలిపెట్టం అక్కా. ఆయన ఈడికి గూడ వస్తడు. ఆయనకు దారి తెల్సు."

కాసేపు ఇద్దరూ పువ్వులోని చెత్త ఏరారు. సంపూర్ణ కళ్ళు తుడుచుకోవడం చూసి కొండమ్మ మాట మార్చింది.

"గోదారి వచ్చిన ఏడు నీ ఇంట్ల బురద ఎత్తనీకి వచ్చిన, యాదికున్నదా? రెండు దినాలు ఎత్తిన. కూలి ఇస్తనంటె వద్దన్న. బదులు పనికి వస్తనని నోటితో అన్నవ్."

అది ఇక్కడి పద్ధతి. ఒకరి పనికి ఇంకొకరు పోతే, వాళ్ళు తిరిగి వీళ్ళ పనికి రావాలి. డబ్బు మాట ఉండదు.

"అన్న" అంది సంపూర్ణ.

"ఎన్ని ఎండకాలాలు పాయె. ఇంకెప్పుడు తీరుస్తవ్?"

"ఈ చేతితోనా?"

"ఎడమ చెయ్యి ఉన్నది గదా."

గురువారం సాయంత్రం మందిరంలో చాపలు పరిచి ఉన్నాయి గానీ వాటి మీద ఎవరూ లేరు. బల్ల మీద తెల్లటి బిళ్ళలు, గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో, పళ్ళెం నిండా ఉన్నాయి. వాక్యం అయ్యాక అయ్యగారు, "సంపూర్ణమ్మ ఒక మాట చెప్తుంది" అని పక్కకు జరిగాడు.

సంపూర్ణ లేచింది. సంఘం ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. కుర్చీ వీపు పట్టుకుంది.

"దెబ్బ తగిలింది నా చేతికి" అంది. "రొట్టె చేసింది కొండమ్మ. పస్తుండి చేసింది. ప్రార్థన చేసి చేసింది. ఉప్పెయ్యలె, పులియబెట్టలె. నాలుగు రోజులసంది ఎతుకుతున్న, అందుల పొరపాటు నాకు దొరకలె. మీకు ఎవరికన్న దొరికితె చెప్పండి. వింట."

కూర్చుంది. అయ్యగారు పుస్తకంలో పేజీ వెతకసాగాడు. క్రిస్టోఫర్ ఉన్నట్టుండి పాట ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. ఆ పాట మధ్యలోనే పళ్ళెం బయలుదేరింది.

క్రిస్టోఫర్ తీసుకున్నాడు. పక్కాయన తీసుకున్నాడు. ఆదివారం ఖాళీ వేళ్ళు నమిలినాయన ఈసారి బిళ్ళ నాలుక మీద పెట్టుకున్నాడు. పళ్ళెం సవరయ్య చేతికి వచ్చింది. సంపూర్ణ చూస్తూనే ఉంది. సోమవారం నుంచి అతను తనతో సరిగ్గా మాట్లాడలేదు. పొద్దున కూడా వంగి చెప్పులు తొడుక్కుంటూ, 'ఒక్క మాట చెప్పి కూసోరాదు' అన్నాడు. అతను ఒక బిళ్ళ తీశాడు. దాన్ని చూశాడు. వెనక్కి తిరిగి ఖాళీ చాపల వైపు చూశాడు. బిళ్ళను మళ్ళీ పళ్ళెంలో మెల్లగా పెట్టి, పక్కవాళ్ళకు ఇచ్చాడు.

మొదటి కుర్చీలోంచి క్రిస్టోఫర్ తల తిప్పి చూడటం సంపూర్ణకు కనిపించింది. సవరయ్య తల దించలేదు. ఎప్పుడూ గోడకు ఆనుకుని నిలబడే మనిషి, ఇప్పుడు కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చున్నాడు.

ఇలా చెయ్యొచ్చని సంపూర్ణకు తట్టనేలేదు. మాట చెప్పి, తిరిగి అందరితో పాటే తీసుకోవడానికి సిద్ధపడి ఉంది. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఒక్క బల్ల కూడా ఆమె తప్పలేదు. జ్వరంతో వచ్చి కూడా తీసుకుంది. పళ్ళెం ఒళ్ళోకి వచ్చాక ఎడమ చేత్తో పట్టుకుంది. కావాలనిపించింది. ఆకలి లాగే అనిపించింది. 'ప్రభువా, నిన్ను వద్దనట్లేదు' అనుకుని పక్కావిడకు అందించింది.

మిగతా వాళ్ళు తీసుకున్నారు. ఒకరిద్దరు ఆగి, అటూ ఇటూ చూసి తీసుకున్నారు. పళ్ళెం పట్టుకున్న కుర్రాడు అలవాటుగా చాపల దాకా నడిచి, ఎవరూ లేకపోవడంతో అక్కడే కాసేపు నిలబడి తిరిగి వచ్చాడు.

బయట సవరయ్య చీకట్లో ఆమె చెప్పులు వెతికి కాళ్ళ ముందు పెట్టాడు.

"నువ్వెందుకు తీసుకోలె?" అంది సంపూర్ణ.

"మింగుడు పడదనిపించింది."

శుక్రవారం ఆరాధన అయ్యాక యార్డు వాళ్ళ ఫోన్ గ్రూపులో పేర్లు వచ్చాయి. సవరయ్య పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసుకుని ఫోన్ జేబులో పెట్టాడు. సంపూర్ణకు అడగకుండానే అర్థమయింది. కోపం మళ్ళీ లేచింది. ఈసారి అందులో భయం కూడా కలిసింది. బియ్యం డబ్బా మూత తీసి, చూసి, పెట్టేసింది.

"నేను పొద్దుగాల చింతలగుంపు పోత" అంది. "బదులు పని ఉన్నది."

"ఒక్క చేతితోని ఏం జేస్తవ్?" అన్నాడు సవరయ్య. "పా, నేను గూడ వస్త. నాకేం పని ఉన్నది ఇప్పుడు."

శనివారం తెల్లవారేసరికి ఇద్దరూ అడవిలో ఉన్నారు. కొండమ్మ చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసి ఉంది. నల్లటి బూడిద మీద పువ్వు లేతపసుపుగా, దట్టంగా రాలి ఉంది. ఇంకా రాలుతూనే ఉంది. తల మీద, భుజాల మీద టప్పు టప్పున పడుతోంది. ఎండ ఎక్కితే పువ్వు వాడిపోతుంది, జల్దీ ఏరాలంది కొండమ్మ. సంపూర్ణ ఎడమ చేత్తో ఏరింది. మొదట రెండు ఏరితే ఒకటి నలిగింది. తర్వాత చెయ్యి కుదురుకుంది. సవరయ్య దుంగలు మోసిన చేతులతో అంత మెత్తటి పువ్వును పట్టుకోవడం రాక తంటాలు పడుతుంటే కొండమ్మ కూతురు కిలకిలా నవ్వింది.

"గట్ల గాదు మామా. కోడిపిల్లను పట్టినట్టు పట్టాలె."

గురువారం ఏం జరిగిందో సంపూర్ణ చెప్పలేదు. కొండమ్మ అడగలేదు. ఆటోవాళ్ళ ద్వారా గుంపుకు ఎప్పుడో తెలిసిపోయిందని మాత్రం, వాళ్ళిద్దరి కోసం వండి తెచ్చిన జావ గిన్నె చూస్తే అర్థమయింది. అందరూ ఒకే గిన్నెలోంచి ఆకుదొన్నెలతో ముంచుకుని తాగి మళ్ళీ వంగారు.

ఎండ చెట్ల మధ్యకు దిగేసరికి గంపలు నిండాయి. కొండమ్మ సంపూర్ణ గంప చూసింది. సవరయ్య గంప చూసింది. పైన ఉన్న నలిగిన పువ్వులను తీసి పక్కన పడేసింది.

"నేను రెండు దినాలు బురద ఎత్తిన" అంది. "ఒక దినం నువ్వు జేసినవ్. ఒక దినం అన్న జేసిండు. తీరిందక్కా."

సంపూర్ణ కాళ్ళ దగ్గర ఇంకో నాలుగు పువ్వులు కనబడితే వంగబోయింది. కొండమ్మ ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇగ సాలు. ఇంకా ఏరితె నేను బాకీ పడ్త."